టైము కోసమా, కబురు కోసమా

మా సున్నాల సారుకు ఉన్నది ఒక్కటే జబ్బు. నిలబడి ఉన్న మనిషిని చూస్తే ఆయన తట్టుకోలేడు. మెట్ల దగ్గరో, లిఫ్టు ముందో, మంచినీళ్ళ కుళాయి పక్కనో ఎవరైనా కదలకుండా కనిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేవాడు. వచ్చి, తల కొంచెం పక్కకు వంచి, డాక్టరు నొప్పి ఎక్కడుందని అడిగినంత శ్రద్ధగా అడిగేవాడు.

"మీరు ఆగింది టైము కోసమా, కబురు కోసమా?"

జవాబు ఈ రెండింట్లో ఒకటి కావాలి. మూడోది ఒప్పుకునేవాడు కాదు. "ఊరికే నిలబడ్డానండీ" అన్నవాళ్ళ వంక, అన్నం మానేసిన పిల్లల్ని చూసినట్టు దిగులుగా చూసి, "ఊరికే అన్నదానికి గుర్తు లేదండీ" అనేవాడు. వాళ్ళు భయపడి అక్కణ్ణుంచి కదిలిపోయేవాళ్ళు.

ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. మాది కళ్ళద్దాలకు లెన్సులు చేసే కంపెనీ. నేను చదివింది మా ఊరి బడిలో. ఒకే గది, ఒకే మాస్టారు, అన్ని క్లాసులకూ కలిపి ఒకే నల్లబల్ల. అక్కడ నేర్చుకున్న గుండ్రటి చేతిరాతతో పార్సిళ్ళ మీద అడ్రసులు రాసే పనికి చేరి, డిస్పాచ్ మేనేజరుగా ఎదిగాను. నా చేతి మీదుగా వెళ్ళిన లెన్సు దారిలో పగిలిందని ఏ దుకాణంవాడూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు. ఉత్తమ ఉద్యోగి షీల్డు మూడుసార్లు అందుకున్నాను. నాలుగోసారి ఇవ్వబోతే, చిన్నవాళ్ళకు ఇవ్వండి, పాపం వాళ్ళకీ ఆశ ఉంటుంది అని నేనే వద్దన్నాను. గేటు మీద పెద్దక్షరాలతో ఉండే "మీ చూపు, మా పూచీ" అన్న మాట కూడా నాదే. అలాంటి నన్ను ఈయన, కంపెనీలో చేరిన వారంలోనే, మెట్ల మీద పట్టుకున్నాడు.

"మీరు ఆగింది టైము కోసమా, కబురు కోసమాండీ?"

"మోకాలి కోసం," అన్నాను.

ఆయన ఆలోచించాడు. "నొప్పి తగ్గడానికి కాసేపు పడుతుంది. అంటే టైము." జేబులోంచి కాగితం ముక్క తీసి, చిన్న సున్నా చుట్టి, అందులో గడియారం ముళ్ళు రెండు గీసి, తృప్తిగా వెళ్ళిపోయాడు. నేను ఆ మెట్టు మీదే ఇంకాసేపు నిలబడిపోయాను. ఈసారి మోకాలి కోసం కాదు.

ఆయన చేసే పనేమిటో చెబితే గాని ఈ జబ్బు ఎక్కణ్ణుంచి అంటుకుందో అర్థం కాదు. మా కంపెనీలో ఏ పని తర్వాత ఏ పని జరగాలో చెప్పే బొమ్మలు గోడలకు వేలాడుతూ ఉండేవి. వాటికొక భాష ఉంది. డబ్బా అంటే చెయ్యాల్సిన పని. ఆరుమూలల బిళ్ళ అంటే ఆ పని అయిపోయిందని. లెన్సు తియ్యి, డబ్బా. తీశారు, బిళ్ళ. సాన పట్టు, డబ్బా. పట్టారు, బిళ్ళ. పాలిష్, చెకింగ్, కోటింగ్, పాకింగ్, అన్నీ ఇలాగే రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఏళ్ళ తరబడి మేమంతా ఆ రైలే ఎక్కాం. ఇంతలో కంపెనీ కొత్త కంప్యూటరు కొన్నది. దానికి బొమ్మ చూపిస్తే చాలట, ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో అదే చెబుతుందట. తీరా చూస్తే దానికి మా పాత బొమ్మల భాష రాదు. దాని భాష వేరు. అందులో ఆరుమూలల బిళ్ళలే లేవు. డబ్బాలున్నాయి, గీతలున్నాయి, సున్నాలున్నాయి. పాత భాషలోంచి కొత్త భాషలోకి బొమ్మల్ని మార్చడానికి వచ్చినవాడే ఈయన.

కంపెనీ మేనేజరు లెక్కలో అది వారం పని. బిళ్ళలు చెరిపేసి సున్నాలు చుడితే అయిపోతుందని ఆయన ఊహ. మొదటి బొమ్మ పూర్తయిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. పాతది గోడ కేలండరంత ఉండేది. సున్నాల సారు కొత్తదాన్ని చాపలా చుట్టి చంకలో పెట్టుకొచ్చి మేనేజరు బల్ల మీద విప్పితే, అది బల్ల దాటి, కుర్చీ దాటి, గుమ్మం దాకా పోయింది.

"ఏమిటిది?" అన్నాడు మేనేజరు.

"ఆర్డరు నుంచి పార్సిలు దాకా అండీ."

"పాతది కూడా అదేగా. మార్చమన్నాను గాని పొడిగించమన్నానా?"

"మారిస్తేనే పొడుగైందండీ. పాత భాషలో ఆగడానికి మాట లేదు. అందుకని ఆ బొమ్మలో అందరూ పరిగెడుతూనే ఉన్నారు. కిందికి వెళ్ళి చూస్తే సగంమంది నిలబడి ఉన్నారు. ఈ భాషలో వాళ్ళకు చోటుంది. ఇదిగో, ఈ సున్నాలో గడియారం ఉంది చూశారా, వీళ్ళు టైము కోసం ఆగినవాళ్ళు. ఈ సున్నాలో కవరు ఉంది, వీళ్ళు కబురు కోసం ఆగినవాళ్ళు."

"నిలబడ్డవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు బొమ్మ సంగతి చూడు."

"బొమ్మలోకి రాకపోతే వాళ్ళు మీకు కనబడరండీ."

మేనేజరు నా వంక చూశాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో పార్సిలు తాడు ముడి వెయ్యడం నేర్పింది నేనే కాబట్టి, చిక్కు వచ్చినప్పుడల్లా నా వంక చూడడం ఆయనకు అలవాటు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ సాయంత్రానికి బొమ్మ గీసినాయనకు సున్నాల సారు అన్న పేరు స్థిరపడి, అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఆఫీసులో అడిగితే అడిగాడు, అది ఉద్యోగం అనుకోవచ్చు. ఆయన బయట కూడా మానలేదు. బస్టాపులో గొడుగు పట్టుకున్న ఒకావిణ్ణి అడిగాడు. ఆవిడ గొడుగు మూసి గట్టిగా పట్టుకుంది. పళ్ళ డాక్టరు దగ్గర బెంచీ మీదున్న అందరినీ వరసగా అడిగాడు. "కూర్చున్నాం కదయ్యా, ఆగలేదు" అన్నాడట ఒకాయన, దవడ పట్టుకుని. "కూర్చున్నా ఆగినట్టేనండీ" అన్నాడట ఈయన. ఒకసారి లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలిచిపోయింది. లోపల మేనేజరు, ఈయన, ఇద్దరే ఉన్నారు. కాసేపటికి లోపలి నుంచి మేనేజరు కేక కంపెనీ అంతటికీ వినిపించింది. "ఇంకొక్కసారి ఆ మాట అడిగావంటే చూడు." లిఫ్టు మనిషి వచ్చి తలుపు తీసేసరికి ఈయన మూలన నిలబడి కాగితం మీద సున్నా చుడుతున్నాడు. మేము అడిగితే, "కబురు కోసమేనండీ. లిఫ్టు మనిషికి ఎవరో ఒకరు చెప్పాలి కదా" అన్నాడు.

నాకు మనుషులను చదవడం బాగా వచ్చు. ఇది చదువుతో వచ్చేది కాదు, డిస్పాచ్‌లో కూర్చుంటే వస్తుంది. అందుకని ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర సూటిగానే అడిగాను.

"ఏమయ్యా, పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"ఒకమ్మాయిని అడిగానండీ. ఆలోచించుకుని కబురు చేస్తానంది."

"తర్వాత?"

"ఆగాను."

"ఎంతకాలం?"

"అదేనండీ, కవరు పక్కన గడియారం పెట్టుకోలేదు." గిన్నె మూత పెట్టాడు. "ఆ మధ్య ఆవిడ కూతురి కళ్ళద్దాల ఆర్డరు మన కంపెనీకే వచ్చింది. చిన్న పవరేలెండి."

ఆ పార్సిలు నా చేతి మీదుగానే పోయి ఉంటుంది.

ఆయన వచ్చాక కంపెనీలో పని చురుగ్గా కదలడం మొదలైంది. దానికి కారణం నేనే అని నాకు అప్పట్లో అనుమానమే లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. పాలిష్ చేసే ఆవిడ ఒకనాడు లెన్సుల ట్రే పట్టుకుని కోటింగు గది ముందు నిలబడి ఉంది. అటుగా పోతున్న మేనేజరు, "ఏమ్మా, బొమ్మలా నిలబడ్డావు, పని లేదా?" అన్నాడు. ఆయన వెళ్ళగానే సున్నాల సారు వచ్చి తన ప్రశ్న వేశాడు.

"కబురు కోసమే సారూ. పవరు సరిపోయిందని చెకింగువాళ్ళు చెప్పాలి. పొద్దుటి నుంచి ఈ ట్రే మోస్తున్నా, చేతులు పడిపోతున్నాయి," అందావిడ.

ఆయన కవరు సున్నా చుట్టుకుని వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే నేను డిస్పాచ్ గుమ్మంలోంచి, "ట్రే ఇంకా రాలేదేం?" అని ఒక్క కేక వేశాను. ఎంతోసేపు కాలేదు, చెకింగు నుంచి కబురు వచ్చింది, ట్రే కదిలింది. గేటు పాసు కోసం ఎండలో ఆగిన వ్యాను డ్రైవరు విషయంలోనూ ఇంతే. ఈయన అడిగాడు, నేను కేక వేశాను, పాసు వచ్చింది. "పని కదలాలంటే గొంతు ఉండాలి" అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. మా బడిలో ప్రార్థన చెప్పించింది నాచేతనే. గొంతు మీద ఆ నమ్మకం నాకు అప్పటి నుంచీ ఉంది.

ఇక నా సంగతికి వస్తాను. సాయంత్రం సైరను మోగాక అందరూ వెళ్ళిపోయినా నేను గేటు దగ్గర కొంచెంసేపు నిలబడేవాణ్ణి. ఇంటికి వెళితే నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ అంతే. అది పెద్ద ఇల్లేమీ కాదు, రెండు గదులు. కాని ఒక గదిలో దీపం వేస్తే రెండో గది నన్నే చూస్తున్నట్టు ఉండేది.

ఒకనాడు సున్నాల సారు సైకిలు నడిపించుకుంటూ గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. అడుగుతాడని తెలుసు. అడిగాడు.

"ఏదీ కాదు," అన్నాను.

"ఏదో ఒకటి ఉంటుందండీ."

"చెప్పానుగా, ఏదీ కాదు. మా బావమరిది ఇటు వస్తాడేమోనని చూస్తున్నా."

"వస్తానన్నారా?"

"అనలేదు."

ఆయన సైకిలు స్టాండు వేశాడు. ఇక వదలడని నాకు అర్థమైంది. చెప్పాను. మా బావమరిది దర్జీ, మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటాడు. అతనూ ఒంటరివాడే. మా ఆవిడ ఉన్నంతకాలం ఆదివారం సాయంత్రం ఇద్దరం కలవాల్సిందే. అయితే ఎప్పుడు రావాలో, ఎవరింట్లోనో, ఆవిడే ఫోను చేసి అతనికి చెప్పేది, ఇటు తిరిగి నాకు చెప్పేది. మా ఇద్దరికీ నేరుగా మాట్లాడుకునే అవసరమే రాలేదు. ఆవిడ పోయాక ఆ దారి మూసుకుపోయింది. తగాదా లేదు, కోపం లేదు. అతను రాలేదు, నేను వెళ్ళలేదు.

"మీరే వెళ్ళొచ్చు కదండీ?"

"నేను పెద్దవాణ్ణయ్యా. కబురు అటు నుంచి రావాలి."

"కబురు కోసమన్నమాట," అని ఆయన కవరు సున్నా చుట్టుకున్నాడు. సైకిలు ఎక్కబోతూ, "పక్కన గడియారం ఉందాండీ?" అని అడిగాడు.

"లేదు."

ఆయన మొహంలో రంగు మారింది. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కంపెనీ అంతా విస్తుపోయే సంగతి జరిగింది. ఆయనకు ఉన్నది బూడిదరంగు ప్యాంటు ఒక్కటే అని అందరికీ తెలుసు. అలాంటిది ఒక సోమవారం నీలంరంగు కొత్త ప్యాంటులో వచ్చాడు. మరో సోమవారం గోధుమరంగు. ఆపైన ముదురు ఆకుపచ్చ. ఆకుపచ్చ ప్యాంటును చూడడానికి కోటింగు గదిలోంచి కూడా మనుషులు వచ్చారు.

"ఏమయ్యా, సంబంధమేమైనా కుదిరిందా?" అన్నాను.

"లేదండీ. కొలతలు ఇస్తుంటే బాగుంటుంది. ఆ కాసేపూ ఎవరో ఒకరు మాట్లాడతారు."

పాపం ఒంటరి మనిషి, టేపుతో కొలిచిన మాత్రానికే మురిసిపోతున్నాడని జాలిపడ్డాను. మనుషులను చదవడం నాకు వచ్చని ముందే చెప్పాను.

ఒక శనివారం ఆయన ఒక బొమ్మ పట్టుకుని డిస్పాచ్‌కు వచ్చాడు. చిన్నది, అరచేతంత. రెండు పొడుగాటి పట్టీలు గీసి ఉన్నాయి. ఒక్కో పట్టీ ఒక్కో మనిషిదట. పై పట్టీలో ఒక కవరు సున్నా, కింది పట్టీలో ఒక కవరు సున్నా.

"ఇది ఎక్కడో తప్పిందండీ. పెద్దవారు మీరు చూస్తే బాగుంటుందని," అన్నాడు.

నన్ను పెద్దవారని ఎవరైనా అంటే నేను కాదనను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆయన వేలు పెట్టి చూపించాడు. పైన ఉన్నవాడు కింది నుంచి కబురు వస్తే కదులుతాడు. కింద ఉన్నవాడు పై నుంచి కబురు వస్తే కదులుతాడు.

"అయితే ఇద్దరూ కదలరు కదయ్యా."

"కదలరండీ. ఎన్నేళ్ళయినా."

"ఇదే పాత భాషలో గీస్తే?"

"పాత భాషలో ఇద్దరూ హాయిగా ముందుకు పోతారండీ. అందులో ఆగడమే లేదు కదా. అక్కడ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది."

నాకు నవ్వొచ్చింది. "ఎవరయ్యా ఈ తెలివైనవాళ్ళు? చెకింగువాళ్ళా? ఒకడు లేచి రెండోవాడి దగ్గరికి వెళితే పోయేదానికి ఇంత బొమ్మా?"

"ఏ ఒకడండీ?"

"బుద్ధున్నవాడు."

"ఇద్దరికీ ఉందండీ. పైన ఉన్నాయన, నేను పెద్దవాణ్ణి, కబురు అటు నుంచి రావాలి అంటున్నారు. కింద ఉన్నాయన, బావ దుఃఖంలో ఉన్నాడు, పిలవకుండా వెళ్ళి ఇబ్బంది పెట్టకూడదు, కబురు అటు నుంచి రావాలి అంటున్నారు. కొలతలు తీస్తూ చెప్పారు."

నేను కళ్ళజోడు తీసేశాను. కొలతలన్న మాట చెవిన పడ్డాక ఆకుపచ్చ ప్యాంటు వంక చూశాను. కుడికాలు అంచు దగ్గర అడ్డకుట్టు. ఆ కుట్టు నాకు తెలుసు. నా చొక్కాలన్నిటికీ ఉంది.

"నువ్వు నా ఇంటి సంగతులు కూడా మొదలుపెట్టావా?" అన్నాను. గొంతు పెంచాలనుకున్నాను గాని పెరగలేదు. "మరి దీనికి నీ కొత్త భాషలో మందు లేదా?"

"ఉందండీ. కవరు పక్కన గడియారం పెట్టాలి. ఇంతవరకూ చూస్తాం. ఈలోగా కబురు వచ్చిందా, మంచిదే. రాలేదా, మనమే కదులుతాం. అప్పుడు ఎవరూ తగ్గినట్టు కాదండీ. టైము అయింది, కదిలాం, అంతే." కవరు పక్కన గడియారం గీశాడు. "రేపు సాయంత్రం అయిదు అనుకుందామా?"

నేను పక్కనున్న పార్సిలు తాడు ముడి బిగించడం మొదలుపెట్టాను. ఆయన వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దుటి నుంచీ ఫోను వంక చూశాను. మోగలేదు. అయిదయింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంటికి తాళం వేసి, బయలుదేరాను. నేను తగ్గలేదు, టైము అయింది, అంతే. మా ఇంటి నుంచి అతనింటికి రెండు దారులున్నాయి. ఎత్తు ఎక్కి వెళితే దగ్గర. మోకాలి మూలంగా నేను పోస్టాఫీసు చుట్టూ తిరిగి వెళ్ళాను. దారి పొడుగునా మొదట ఏం మాట్లాడాలో అనుకుంటూ నడిచాను. వార్షికోత్సవాల్లో కాగితం చూడకుండా ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, ఒక్క వాక్యం కుదరలేదు.

వెళ్ళేసరికి అతనింటికి తాళం.

పక్కింటావిడ బట్టలు తీస్తూ చెప్పింది. "ఇప్పుడేనండీ, కొత్త చొక్కా వేసుకుని హుషారుగా వెళ్ళారు."

కొత్త చొక్కా. హుషారు. నేను ఇక్కడ ఉపన్యాసం వెతుక్కుంటుంటే ఆయనగారు షికారు వెళ్ళారన్నమాట. తిరిగి పోదామనుకున్నాను. ఇంటికి పోతే ఏముంది, ఫ్రిజ్జు. మోకాలు కూడా ఒద్దంది. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్ళు నన్ను చూసి, చూడనట్టు పోతున్నారు. మా ఆవిడ ఉంటే ఈపాటికి ఇద్దరికీ ఫోను చేసి తిట్టేది.

చాలాసేపటికి వీధి చివర సైకిలు కనిపించింది. సున్నాల సారు ఒళ్ళంతా చెమటతో, రొప్పుతూ, దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

"కదలకండి. మీరు దయచేసి ఇక్కణ్ణుంచి కదలకండి."

"నేనెక్కడికి కదులుతాను. అతను లేడు."

"తెలుసండీ. మీ గుమ్మం మీద కూర్చుని ఉన్నారు."

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన సైకిలు పట్టుకుని తల వంచుకున్నాడు.

"తప్పు నాదేనండీ. ఒకరికి ముందు పెడితే రెండోవారు గెలిచినట్టు అవుతుందేమోనని, ఇద్దరికీ అయిదే పెట్టాను. గీసింది నడుస్తోందో లేదో చూద్దామని మీ ఇంటికి వెళితే ఆయన ఒక్కరే ఉన్నారు. నేను లేస్తాను, బావ ఎక్కడికో తిరగడానికి వెళ్ళాడు అంటున్నారు. ఆయన ఎత్తు దారిన వచ్చారట. ఆపి వచ్చాను. మీరు ఇక్కడే ఉంటేనే కుదురుతుంది."

అని నా జవాబు వినకుండానే సైకిలు తిప్పి ఎత్తు వైపు తొక్కుకుంటూ పోయాడు.

తిరిగి వచ్చినప్పుడు సైకిలు వెనక మా బావమరిది ఉన్నాడు. కాళ్ళు రెండూ చాపి, కొత్త చొక్కా నలక్కుండా చేతులు పైకి పెట్టుకుని, పడిపోతానేమోనన్న భయంతో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సన్నబడ్డాడు. దిగి, నా ముందు నిలబడ్డాడు.

"ఏం బావా, ఇంటికి తాళం వేసి ఎక్కడ తిరుగుతున్నావు?"

"నీ గుమ్మంలోనే ఉన్నా కదరా. నువ్వెక్కడ తిరుగుతున్నావు?"

"నీ గుమ్మంలోనే."

నేను దారి పొడుగునా వెతుక్కున్న వాక్యం అవసరమే పడలేదు. "తలుపు తియ్యి మరి," అన్నాను. అతను జేబులు తడుముకున్నాడు. పైజేబు, పక్కజేబు, మళ్ళీ పైజేబు. చివరికి, "తాళంచెవి చేతిలో ఆడిస్తూ కూర్చున్నాను బావా. మీ మెట్టు మీదే పెట్టి లేచొచ్చినట్టున్నా," అన్నాడు.

"నేను తెస్తానండీ," అని సున్నాల సారు సైకిలు మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం కూర్చోవయ్యా," అన్నాం ఇద్దరం ఒకేసారి. మెట్టు ఇరుకు. ముగ్గురం భుజాలు ఒరుసుకుంటూ కూర్చున్నాం.

బావమరిది చెప్పడం మొదలుపెట్టాడు. "సారు మొదటిసారి మా కొట్టుకి వచ్చినప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఉన్నా బావా. టైము కోసమా కబురు కోసమా అన్నారు. పిచ్చివాడనుకున్నా. బొత్తాలు తెచ్చే అతను రాలేదు, పని ఆగిపోయిందని చెప్పా. సరేనని వెళ్ళిపోయారు. కాసేపటికి అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. అప్పుడు కదా ప్యాంటు గుడ్డ బయటికి తీశారు."

నాకు లెన్సుల ట్రే పట్టుకుని నిలబడ్డావిడ గుర్తొచ్చింది. ఎండలో ఆగిన వ్యాను డ్రైవరు గుర్తొచ్చాడు. ఇంకా చాలామంది.

"ఏమయ్యా, ఆ రోజు చెకింగువాళ్ళకు చెప్పింది నువ్వేనా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "కబురు ఎక్కడి నుంచి రావాలో చూసుకోకుండా గీత గియ్యకూడదు కదండీ. చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి, ఒకరు ఎదురుచూస్తున్నారని చెప్పాను. వాళ్ళు మంచివాళ్ళు, వెంటనే ఇచ్చేశారు."

"గేటు పాసు?"

"అది కూడానండీ. కాని మీ కేక కూడా పనిచేసే ఉంటుంది."

ఆ చివరి మాట ఆయన మర్యాదకు అన్నాడని నాకు తెలుసు. అయినా అందులో కొంత నిజం ఉండకపోదని ఇప్పటికీ నా అభిప్రాయం.

దీపాలు వెలిగే వేళయింది. సున్నాల సారుకు మళ్ళీ దిగులు పట్టుకుంది. "వచ్చే ఆదివారం ఎవరు ఎవరింటికి వెళ్ళేదీ ఇప్పుడే అనుకోండి. లేకపోతే మళ్ళీ ఇలాగే అవుతుంది."

"అనుకోవడానికేముంది, నేనే వస్తా," అన్నాడు బావమరిది.

"నువ్వెందుకురా, నేనొస్తాను."

"మోకాలితో నువ్వెందుకు బావా. నేను వస్తా."

"నా మోకాలికేం, ఇవాళ రాలేదూ? నేనే వస్తాను."

"పెద్దవాడివి, నువ్వు కూర్చో. వచ్చేది నేను."

"పెద్దవాణ్ణి కాబట్టే చెబుతున్నా. వచ్చేది నేను."

సున్నాల సారు ఇటూ అటూ చూశాడు. చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్ళి, కాగితం తియ్యకుండానే వెనక్కి వచ్చింది. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని వింటూ కూర్చున్నాడు. ఇంతకాలంలో ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. పళ్ళు బాగుంటాయి.

అప్పుడు నేను, ఇలాంటి చిక్కులు తేల్చడంలో నాకున్న అనుభవం కొద్దీ, గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను. "అతనూ రాడు, నేనూ రాను. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి నీ గదికి వస్తున్నాం."

ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. "నా గదికాండీ? నా గదికి ఎవరూ రారండీ. కుర్చీ ఒక్కటే ఉంది."

"చాలు," అన్నాను. "అందులో నేను కూర్చుంటాను. మీరిద్దరూ నిలబడండి."